ముప్పదిమూడవ యేట వైద్యవిద్యార్థిని
(సాంస్కృతిక సమాజ సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



తెలుగువారి ఇండ్లలో పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున పెద్దలందరును కూడి ఒక నిర్ణయము చేయుదురు. ఎం.పి.సి.యా, బై.పి.సి.యా, లేక సి.ఇ.సి.యా అన్నదే ఆ నిర్ణయము. పదునైదేండ్ల బిడ్డ దరఖాస్తులో ఒక గడియందు గీత గీయును. ఆ గీతయే బ్రహ్మవ్రాతయని ఇంటిల్లిపాదియు నమ్ముదురు. చరిత్రయో, అర్థశాస్త్రమో, సాహిత్యమో చదివి పట్టభద్రుడై, ఉద్యోగమున కుదురుకొనిన యువకుడు ముప్పదవ యేట తండ్రిని ఆసుపత్రిలో చేర్చి, రాత్రియంతయు వరండాలోని బల్లపై కూర్చుండి, ఆ వైద్యవిద్య తానును చదివియుండిన బాగుండెడిది గదా యని తలపోయవచ్చును. తెల్లవారిన పిమ్మట ఆ మాట పైకి చెప్పినచో ఇంటివారు నవ్వుదురు. మొక్కయై వంగనిది మానై వంగునా యందురు.

సామెతలు అనుభవము నుండి పుట్టినవే. కాని అనుభవమంతయు సామెతలలో ఇముడదు. రాజనీతి, తత్త్వము, అర్థశాస్త్రము చదివి పట్టభద్రురాలైన ఒక ఆంగ్లవనిత ముప్పదిమూడవ యేట వైద్యకళాశాలలో చేరి, దాదాపు నలుబది యేండ్ల వయసున డాక్టరై, ప్రపంచమున మరణశయ్యపై నున్న రోగుల బాధను చూచు దృష్టినే మార్చివేసెను. ఆమె పేరు సిసిలీ సాండర్స్. ఆమె కథయే నేటి ప్రసంగమునకు విషయము. ఆ కథ మన దేశమునకును, హైదరాబాదు నగరమునకును కూడ వచ్చి చేరినది గనుక దానిని పరదేశపు ముచ్చటగా మాత్రమే వినవలసిన పని లేదు.

సిసిలీ సాండర్స్ 1918వ సంవత్సరము జూన్ 22వ తేదీన లండను నగరమునకు ఉత్తరముననున్న బార్నెట్ అను ఊరిలో జన్మించెను. తండ్రి ఇండ్లు, భూములు క్రయవిక్రయములు చేయించు వ్యాపారము చేసి బాగుగా గడించినవాడు. కలిమికి లోటు లేదు. కాని తలిదండ్రుల మధ్య పొత్తు కుదరలేదు. బడిలో తోటి పిల్లలకంటె చాల పొడుగుగా ఉండుటచేత ఆమె ఎవరితోను కలియక ఒంటరిగా నుండెడిది. ఒంటరిగా నుండువారి కష్టము తెలియుటకు అదియే తొలి పాఠమని చెప్పవచ్చును. 1938లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చేరి రాజనీతి, తత్త్వము, అర్థశాస్త్రము పాఠ్యవిషయములుగా తీసికొనెను. ఆ దేశమున ప్రభుత్వ కార్యాలయములకును, శాసనసభకును పోదలచినవారు చదువు చదువది. అందు రసాయనశాస్త్రపు మాట గాని, శరీరశాస్త్రపు మాట గాని లేదు.

మరుసటి యేడు రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. నగరములపై బాంబులు పడుచుండగా గ్రంథాలయమున కూర్చుండి రాజ్యాంగములను గూర్చి వ్యాసములు వ్రాయుట ఆమెకు సహింపరానిదయ్యెను. 1940లో చదువు నడుమ నిలిపి, లండనులోని సెంట్ థామస్ ఆసుపత్రికి చేరిన నైటింగేల్ శిక్షణాలయమున నర్సు విద్యకై ప్రవేశించెను. ఆ పని ఆమెకు మిక్కిలి నచ్చినది. కాని చిన్ననాటి నుండి వెన్నెముకలో నున్న లోపము ముదిరి, బరువులెత్తు నర్సు వృత్తి ఆమెకు తగదని వైద్యులు తేల్చిరి. 1944లో నర్సుగా ఉత్తీర్ణురాలైన వెంటనే ఆ వృత్తిని విడువవలసి వచ్చెను. తిరిగి ఆక్స్‌ఫర్డ్ చేరి, నిలిచిన చదువు ముగించి పట్టము పుచ్చుకొని, సంఘసేవలో శిక్షణ పొంది, ఆసుపత్రిలోనే ఆల్మనర్ అను ఉద్యోగమున చేరెను.

ఆల్మనర్ అనగా నేటి భాషలో వైద్య సాంఘిక కార్యకర్త. రోగి ఇంటి పరిస్థితి ఏమి, ఖర్చు భరింపగలడా, ఇంటికి పంపినచో చూచువారున్నారా, పిల్లలెవరి యొద్ద నున్నారు అను సంగతులు విచారించి తగిన ఏర్పాట్లు చేయుట ఆ ఉద్యోగి విధి. వైద్యుడు రోగమును చూచును, నర్సు రోగిని చూచును, ఆల్మనరు రోగి ఇంటిని చూచును. సిసిలీ సాండర్స్ ఈ మూడు చూపులలో రెండింటిని ముప్పది యేండ్లు నిండక మునుపే గడించెను. మూడవది మాత్రము ఆమెకు లేదు.

1947లో ఆమె విచారించు రోగులలో డేవిడ్ టాస్మా అను యూదు యువకుడొకడుండెను. పోలండు దేశస్థుడు. లండనులో భోజనశాలయందు వడ్డించు పని చేసి పొట్టపోసికొనుచుండెను. వయసు నలుబది. క్యాన్సరు ముదిరి శస్త్రచికిత్సకు లొంగని స్థితిలో నున్నాడు. తనవారనువా రెవరును దగ్గర లేరు. తాను బ్రతికినందువలన లోకమునకు ఒరిగినదేమి యన్న దిగులు అతనిని నొప్పికంటె ఎక్కువగా తినుచుండెను. సాండర్స్ తరచుగా అతని మంచము ప్రక్కన కూర్చుండి మాటలాడెడిది. అతనివంటి రోగులు ప్రశాంతముగా కన్నుమూయగల ఒక గృహమును నిర్మించుటను గూర్చి వారిద్దరును మాటలాడుకొనిరి. ఒకనాడు మనసునకు ఊరటగా నేదైన చదివి వినిపింతునా యని ఆమె అడుగగా, గ్రంథములోనిది వలదు, నీ బుద్ధిలోను హృదయములోను ఉన్నదే చెప్పుమని అతడు కోరెనట. 1948 ఫిబ్రవరిలో అతడు మరణించెను. తనకున్న 500 పౌనులను ఆమె పేర వ్రాసి, నీవు కట్టబోవు ఇంటిలో నేనొక కిటికీనై యుందునని చెప్పి పోయెను. గృహమునకు స్థలము లేదు, పునాది లేదు, ధనము లేదు. కిటికీ మాత్రమే ఉన్నది.

తరువాత ఆమె సాయంకాలములందు, ఉద్యోగపు వేళలు ముగిసిన పిమ్మట, సెంట్ లూక్స్ అను ఆశ్రమమునకు స్వచ్ఛందముగా పోయి నర్సు పని చేయసాగెను. అది మరణావస్థయందున్న పేదలకై వెలసినది. అచ్చట ఆమె గమనించిన చిన్న విషయమొకటి ఆమె జీవితమును మలుపు త్రిప్పెను.

ఆ కాలమున పెద్ద ఆసుపత్రులలో క్యాన్సరు నొప్పికి మార్ఫిను ఇచ్చు పద్ధతి ఇట్లుండెను. రోగి నొప్పి భరింపలేక మూలిగి అడిగిన పిమ్మట సూదిమందు ఇచ్చెదరు. నొప్పి తగ్గును. కొన్ని గంటలకు మందుబలము తీరి నొప్పి మరల లేచును. రోగి మరల అడుగును. అలవాటగునేమో యను భయముతో వైద్యులు ఆలస్యము చేయుదురు. ఈ లోపల నొప్పికి తోడు భయమును పెరుగును. భయము పెరిగిన కొలది నొప్పియు పెరుగును. సెంట్ లూక్స్‌లో అట్లు గాక, మార్ఫినును ద్రవరూపమున నోటి ద్వారా, గడియారము చూచి, నాలుగేసి గంటలకొకసారి క్రమముగా ఇచ్చుచుండిరి. నొప్పి తలయెత్తక ముందే మందు పడుచున్నది. రోగి యాచింపవలసిన అవసరము లేదు. కనుక రోగులు మత్తులో మునిగియుండక, తెలివితో నుండి, కన్నబిడ్డలతో మాటలాడగలుగుచుండిరి.

ఇంత సులభమైన సంగతి పెద్ద ఆసుపత్రులకు తెలియకపోవుట ఆమెను కలచివేసెను. కాని ఆమె మాట వినువారెవరు? సచివాలయములలో పని చేయువారికి ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు. ఫైలుపై ఎంత చక్కని నోటు వ్రాసినను ఉత్తరువుపై సంతకము చేయు అధికారము వేరొకరిది. నర్సు చూడవచ్చును, ఆల్మనరు విన్నవింపవచ్చును, మందుచీటి వ్రాయువాడు మాత్రము వైద్యుడు. మరణించుచున్న రోగులకు సేవ చేయుటకై మరల రాత్రి నర్సుగా చేరుదునని ఆమె తాను సహాయకురాలిగా పని చేయుచున్న నార్మన్ బారెట్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యునితో చెప్పెను. ఆయన ఆ ఆలోచనను ఒప్పుకొనలేదు. మరణించువారిని విడిచి దూరముగా తొలగిపోవుచున్నది వైద్యులే గనుక, వైద్యురాలవు కానిదే నీ మాట చెల్లదని, పోయి వైద్యము చదువుమని ఆయన హితవు చెప్పెను.

ఆ సలహాను పాటించుట ఎంత కష్టమో గ్రహింపవలెను. వయసు ముప్పదిమూడు. వెన్నునొప్పి తీరలేదు. ఉద్యోగము విడువవలెను. తనకంటె పదునైదేండ్లు చిన్నవారైన విద్యార్థుల నడుమ కూర్చుండవలెను. తత్త్వశాస్త్రమున వాదించుటకు అలవాటు పడిన బుద్ధిని ఎముకల పేర్లకును, రసాయన సమీకరణములకును మరల్చవలెను. 1951లో ఆమె సెంట్ థామస్ ఆసుపత్రి వైద్యకళాశాలలో చేరెను. తాను నర్సుగా మంచములు సర్దిన భవనములలోనే, ఆల్మనరుగా కాగితములు వ్రాసిన వార్డులలోనే మూడవమారు ప్రవేశించెను. ఈమారు మెడలో స్టెతస్కోపు ఉన్నది. చదువుచున్న దినములలోను సెంట్ లూక్స్‌కు పోవుట మానలేదు. 1957లో వైద్యపట్టమును పొందెను. అప్పటికి ఆమెకు ముప్పదితొమ్మిదవ యేడు నడచుచున్నది.

పట్టము చేతికి వచ్చిన పిమ్మట ఆమె వేరే దారులు చూడలేదు. నొప్పి చికిత్సపై పరిశోధన చేయుటకు వేతనము సంపాదించి, 1958 నుండి తూర్పు లండనులోని సెంట్ జోసఫ్స్ ఆశ్రమమున పని చేయసాగెను. అచ్చటి సన్యాసినులు దయామయులు. కాని రోగుల సంగతులను తెలుపు వివరమైన పత్రములు లేవు, మందులకు క్రమము లేదు. ఆమె గడియారము ప్రకారము మందులిచ్చు పద్ధతిని నెలకొల్పెను. ప్రతి రోగికిని ఒక పత్రము తెరచి, ఏ మందు ఎంత ఇచ్చినది, నొప్పి ఎట్లున్నది, నిద్ర పట్టినదా, మాట తెలివిగా నున్నదా అను సంగతులు వ్రాయించెను. రోగుల మాటలను టేపు యంత్రముపై పట్టి యుంచెను. వేయికి పైగా రోగుల వృత్తాంతములు ఇట్లు సమకూరెను. క్రమముగా ఇచ్చిన మార్ఫిను రోగులను వ్యసనపరులను చేయదని, మోతాదును అంతులేకుండ పెంచవలసిన పనియు లేదని ఆ లెక్కలు చూపెను.

ఇచ్చట ఒక విషయము ఆలోచింపదగినది. పత్రములు క్రమముగా నుంచుట ఆల్మనరు విద్య. రోగి నోట వచ్చిన మాటను మార్పు లేకుండ వినుట నర్సు విద్య. విన్న మాటలలోని అర్థమును విడదీసి ఒక సిద్ధాంతముగా చెప్పుట ఆక్స్‌ఫర్డ్‌లో నేర్చిన విద్య. నొప్పి ఎచ్చట నున్నదని అడుగగా ఒక రోగి వెన్నుతో మొదలుపెట్టి, మందులు, అగచాట్లు పడు భర్తాబిడ్డలు, ఇంటి ఖర్చులు ఇట్లన్నియు చెప్పి, తనలో అంతయు తప్పిపోయినట్లున్నదనెను. ఆ మాటల నుండియే సాండర్స్ 'సమగ్రవేదన' అను భావమును రూపొందించెను. శరీరపు బాధ, మనసు బాధ, కుటుంబమును ఆర్థికమును గూర్చిన బాధ, బ్రతుకునకు అర్థమేమి యన్న బాధ, ఈ నాలుగును పెనవేసికొని యుండును. ఒకదానిని విడిచి మరియొకదానికి చికిత్స చేసినచో రోగికి ఉపశమనము కలుగదు. పదునెనిమిదవ యేట నేరుగా వైద్యకళాశాలకు పోయియుండినచో ఆమె మంచి వైద్యురాలు అయ్యెడిదేమో, కాని ఈ సంగతి ఆమెకు తోచెడిదని చెప్పలేము. చుట్టు తిరిగి వచ్చిన దారియే ఆమెకు ఈ చూపు నిచ్చినది.

1959లో తాను కట్టదలచిన గృహమునకు ఒక పథకమును కాగితముపై వ్రాసి మిత్రులకును, నిపుణులకును పంపి అభిప్రాయములు కోరెను. విమర్శలు వచ్చిన కొలది దిద్దెను. ధర్మనిధుల వెంట తిరిగెను. ఎనిమిదేండ్ల శ్రమ ఫలించి 1967లో దక్షిణ లండనులోని సిడెనమ్ పేటయందు సెంట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరువబడెను. మొదట 54 మంచములు. అచ్చట చికిత్సయు, బోధనయు, పరిశోధనయు ఒక చోట నడచుట కొత్త సంగతి. 1969 నుండి రోగుల ఇండ్లకే పోయి చూచు ఏర్పాటును చేసిరి. టాస్మా ఇచ్చిన కిటికీ ఆ భవనద్వారము కడ నేటికిని ఉన్నది. ఒక కిటికీ చుట్టు ఇల్లు కట్టుటకు ఆమెకు 19 సంవత్సరములు పట్టినది.

తరువాతి కథ చాల పెద్దది. ఆ హాస్పిస్‌లో పరిశోధన చేసిన రాబర్ట్ ట్వైక్రాస్ మొదలగువారు మార్ఫిను వాడుకకు శాస్త్రీయమైన పునాది వేసిరి. 1987లో బ్రిటనునందు ఉపశమన వైద్యమును ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించిరి. 1989లో ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను ఉన్నత బిరుదము లభించెను. 2005 జూలై 14వ తేదీన, తన 87వ యేట, తాను కట్టిన గృహముననే, క్యాన్సరు వ్యాధితో ఆమె కన్నుమూసెను. ఇతరులకై పరచిన పడకపై తానును పడుకొని పోయినది.

ఇక మన దేశపు సంగతి. నల్లమందు పంటను చట్టబద్ధముగా సాగుచేయు బహుకొద్ది దేశములలో భారతదేశ మొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలోని రైతులు లైసెన్సుపై పండించెదరు. గ్వాలియరులోని కేంద్ర మాదకద్రవ్య కార్యాలయము దానిని పర్యవేక్షించును. ఘాజీపూరు, నీమచ్ పట్టణములందు ప్రభుత్వ కర్మాగారములున్నవి. అయినను మన రోగులకే మార్ఫిను దొరకని కాలమొకటి నడచినది. 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము దొంగవ్యాపారమును అరికట్టుటకు ఉద్దేశింపబడినది. కాని దానిలోని కఠినశిక్షలకును, ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క తీరుగా నున్న అనుమతిపత్రములకును వెరచి ఆసుపత్రులు మార్ఫినును నిలువయుంచుటయే మానివేసెను. కొండంత పంట మన పొలములో నుండగా చిటికెడు మందు మన రోగి నోటికి రాలేదు.

1993లో కాలికట్టు వైద్యకళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలగువారు ఒక ఉపశమన చికిత్సా సంఘమును స్థాపించిరి. కేరళ గ్రామములలో సామాన్యగృహస్థులు స్వచ్ఛంద సేవకులై రోగుల ఇండ్లకు పోవు పద్ధతి అచ్చటి నుండి వ్యాపించెను. 2008లో కేరళ ప్రభుత్వము ఈ చికిత్సకై ప్రత్యేక విధానమును ప్రకటించెను. 2014లో పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును సవరించి, అత్యవసరమైన మందులను దేశమంతటికిని ఒకే నిబంధన క్రిందికి తెచ్చెను. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర నున్న ప్రభుత్వ క్యాన్సరు సంస్థయందును ఉపశమన చికిత్సా విభాగము పని చేయుచున్నది. చట్టములోని ఒక్క పదము మారుట వలన ఎన్ని ఇండ్లలో ఎన్ని రాత్రులు నిద్ర పట్టునో, చట్టముల చిత్తుప్రతులు తయారుచేయు కార్యాలయములలోని వారు గుర్తుంచుకొనదగిన విషయమిది.

సిసిలీ సాండర్స్ కథ ఒంటరి కథ కాదు. అంతకు పూర్వమే ఆల్బర్ట్ ష్వైట్జర్ తత్త్వశాస్త్రమునందు 1899లో డాక్టరు పట్టము పొంది, మతశాస్త్రమున ఆచార్యుడై, సంగీతమున ప్రసిద్ధుడై, 1905లో ముప్పదవ యేట స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. 1913లో ఆఫ్రికాలోని లాంబరేనే గ్రామమునకు పోయి ఆసుపత్రి పెట్టెను. ఈ ఇరువురి జీవితములందును ఒక పోలిక కలదు. వారు డాక్టరనిపించుకొనవలెనని వైద్యము చదువలేదు. చేయవలసిన పని ఒకటి ముందే కనబడినది. వైద్యవిద్య లేనిదే ఆ పని సాగదని తెలిసినది. ఆ పిమ్మటనే పుస్తకము తెరచిరి.

ఇట్టి ఆలోచన కలవారు తమను తాము అడుగవలసిన తొలి ప్రశ్నయు అదియే. కావలసినది వైద్యపు పనియా, వైద్యుని పేరా? పేరు కొరకైనచో ముప్పదేండ్ల పిమ్మట ఆ దారి మిక్కిలి దూరము. పని కొరకైనచో ఆ దూరము నడువదగినదే కావచ్చును.

దూరమెంతయో లెక్క కట్టి చూడవలెను. అమెరికాలో ఏ విషయమునందు పట్టభద్రుడైనను నిర్ణీతమైన విజ్ఞానశాస్త్ర పాఠములు ముగించి వైద్యకళాశాలకు దరఖాస్తు చేయవచ్చును. ఆస్ట్రేలియాలో 1996 నుండి, బ్రిటనులో 2000 నుండి పట్టభద్రులకు ప్రత్యేక ప్రవేశమార్గములు ఏర్పడినవి. మన దేశమున పట్టభద్రులకు వేరే మార్గము లేదు. ఇంటరు చదివిన విద్యార్థితో సమానముగా 'నీట్' పరీక్ష వ్రాయవలెను. పూర్వము సి.ఇ.సి. చదివినవారికి ఆ తలుపు దాదాపు మూసియే యుండెను. 2022లో జాతీయ వైద్య కమిషను గరిష్ఠ వయఃపరిమితిని తొలగించినది. 2023 నవంబరులో మరియొక ప్రకటన చేసి, ఇంటరు ముగిసిన తరువాతనైనను భౌతిక, రసాయన, జీవశాస్త్రములను ఆంగ్లముతో కూడ గుర్తింపు గల బోర్డు ద్వారా అదనపు విషయములుగా ఉత్తీర్ణులైనవారు అర్హులేయని తెలిపినది. నిబంధనలు మారుచుండును గనుక దరఖాస్తు చేయు సంవత్సరపు ప్రకటనను స్వయముగా చదువుకొనుట అవసరము.

తలుపు తెరచుకొన్నదన్నంత మాత్రమున లోపల చోటున్నదని కాదు. 2024లో 23 లక్షలకు పైగా అభ్యర్థులు ఆ పరీక్ష వ్రాసిరి. ఆ యేట సీట్లు లక్షకు కొంచెము పైగా మాత్రమే ఉండెను. అందు ప్రభుత్వ కళాశాలలవి సుమారు సగము. ప్రైవేటు కళాశాలల రుసుము సామాన్యోద్యోగి శక్తికి మించినది. ముప్పదవ యేట నిశ్చయించుకొనినవాడు అదనపు విషయములకును ప్రవేశపరీక్షకును రెండేండ్లు వెచ్చించి, నాలుగున్నర యేండ్ల చదువును, ఒక యేడు ఇంటర్న్‌షిప్పును ముగించునప్పటికి ముప్పదియేడు దాటును. పై చదువునకు మరి మూడేండ్లు కలిపినచో నలుబది. కేంద్రప్రభుత్వోద్యోగి యగునేని సెలవు సంగతియు చూచుకొనవలెను. 1972 నాటి సెలవు నిబంధనల ప్రకారము అధ్యయనపు సెలవు సర్వీసు మొత్తములో సామాన్యముగా 24 నెలలకు మించదు. అదియును తన ఉద్యోగవిధులతో దగ్గరి సంబంధమున్న చదువునకే. గుమాస్తా వైద్యము చదువుటకు ఆ నిబంధన సహకరింపదు. కాబట్టి ఇది ఉద్యోగమును చేతబట్టుకొని చేయు ప్రయాణము కాదు. చేతులు రెండును ఖాళీ చేసికొని చేయవలసినది.

సిసిలీ సాండర్స్ విషయమున మరియొక సంగతిని దాచరాదు. ఆమె చదువుకొన్న దినములలో ఆమెపై ఆధారపడిన భర్తగాని, బిడ్డలుగాని లేరు. ఆమె వివాహము 1980లో, అరువదియేండ్లు దాటిన పిమ్మట జరిగినది. భార్యాబిడ్డలు, ముసలి తలిదండ్రులు, ఇంటి అప్పు ఉన్నవాడు ఆమె సాహసమును మెచ్చుకొనవచ్చును గాని, ఆమె లెక్కను తన లెక్కగా తీసికొనరాదు. ఏడెనిమిదేండ్లు ఇల్లు గడచుటెట్లో కాగితముపై వ్రాసి, ఇంటివారిచే ఒప్పించుకొనిన పిమ్మటనే అడుగు వేయవలెను. ఆ త్యాగము ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిది.

ఆ దారి పొసగనివారికి వేరు దారులు లేకపోలేదు. వైద్య సాంఘిక సేవలో శిక్షణకు శాస్త్రవిషయముల పట్టము అక్కరలేదు. ఆసుపత్రుల నిర్వహణకును, కొన్ని సంస్థలలో ప్రజారోగ్యవిద్యకును కళాపట్టభద్రులను చేర్చుకొందురు. ఏ పట్టమును అక్కరలేని సేవయు కలదు. కేరళమున వారమునకు రెండు గంటల కాలమును రోగుల మంచముల కడ గడపు ఉపాధ్యాయులు, గుమాస్తాలు, దుకాణదారులు ఉన్నారు. సాండర్స్ జీవితమును మార్చినది తొలుత వైద్యము కాదు. ఒక దిక్కులేని రోగి మంచము ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండుట. ఆ కుర్చీకి ప్రవేశపరీక్ష లేదు.

తలిదండ్రులకు ఈ కథ చెప్పునది వేరొకటి కలదు. పదునైదవ యేట బిడ్డ గీసిన గీతను శాసనమని భావింపవలదు. చరిత్ర చదివిన పిల్ల రేపు వైద్యము వైపు తిరుగవచ్చును, వైద్యము చదివిన పిల్లవాడు రేపు వేరొక పనిలో తృప్తి పొందవచ్చును. చదివిన చదువేదియు వ్యర్థము కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన తత్త్వము, నర్సుగా సర్దిన మంచము, ఆల్మనరుగా వ్రాసిన కాగితము, మూడును కడపట ఒక వైద్యురాలి చేతిలో కలిసెను. ఎప్పుడు కలియునో ముందుగా తెలియదు. కలిసిన నాడు మాత్రము వెనుకటి సంవత్సరములలో ఒక్కటియు లెక్కనుండి తప్పిపోలేదని తెలియును.

లండనులోని ఆ గృహమునకు పోవువారికి ద్వారము కడ నొక కిటికీ కనబడును. భోజనశాలలో వడ్డన చేయుచు పరదేశమున బ్రతికి, దిక్కులేక మరణించిన ఒక మనుష్యుడు తన కూడబెట్టిన సొమ్మును ఒక స్త్రీ మాటపై నమ్మకముంచి ఇచ్చిపోయెను. అప్పటికి ఆమె వైద్యురాలు కాదు. కాగలదని అతడును ఎరుగడు, ఆమెయు ఎరుగదు. అతడు నమ్మినది ఆమె పట్టమును కాదు, ఆమె తరచుగా వచ్చి తన ప్రక్కన కూర్చుండుటను. తక్కినది ఆమె నేర్చుకొనెను.